ఒజెల్లా టీచరు చెప్పేసిన మాట

మా ఊళ్ళో ఆడవాళ్ళు రెండు రకాలు. సంఘంలో ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు. ఈ మాట లేనివాళ్ళు నవ్వుతూ అంటారు, ఉన్నవాళ్ళు అసలు అనరు. సంఘం పేరు టౌ మ్యూ రో, మూడు గ్రీకు అక్షరాలు. కాలేజీలో చదివేటప్పుడు చేరతారు, చచ్చేదాకా ఉంటారు. ఒకరినొకరు 'సోరార్' అని పిలుచుకుంటారు, అక్కచెల్లెలని అర్థం. తలుపులు మూసుకుని లోపల ఏం చేస్తారో కట్టుకున్నవాడికి చెప్పరు, కన్నకూతురికి చెప్పరు, పాస్టరుకి అసలే చెప్పరు. మా నల్లవాళ్ళని అలబామా రాష్ట్రంలో పెద్ద కాలేజీల గడప తొక్కనివ్వని రోజుల్లో పుట్టిన సంఘం అది. బయట ఏదీ మనది కానప్పుడు, లోపల ఒక్కటైనా మనదే అయి ఉండాలని పట్టుబట్టి కాపాడుకున్నారు.

వెర్నెల్ హార్డవే అందులో నలభై ఒక్క ఏళ్ళుగా ఉంది. ఇరవై ఏడేళ్ళుగా క్రతువు పెద్ద. కొత్తవాళ్ళని చేర్చుకునేటప్పుడూ, పోయినవాళ్ళని సాగనంపేటప్పుడూ చేసే తంతు అంతా ఆమె చేతి మీదుగా జరగాలి, మాటలన్నీ అక్షరం పొల్లుపోకుండా ఆమె నోటికి రావాలి. వచ్చు. హైస్కూలు లైబ్రరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడ ఉండగా పిల్లలు తుమ్ము కూడా ఆపుకునేవారని చెప్పుకుంటారు.

అక్టోబరు మొదటి సోమవారం పొద్దున్నే అట్లాంటా నుంచి డాక్టర్ బోస్టిక్ ఫోన్ చేసింది. ఐదు రాష్ట్రాల సంఘానికి ఆవిడే పెద్ద.

"సోరార్ వెర్నెల్, కూచున్నావా?"

"నిలబడే ఉన్నా. గ్రిట్స్ జావ కలుపుతున్నా. చెప్పండి."

"స్టవ్ ఆర్పేసి కూచో తల్లీ."

వెర్నెల్ కూచుంది. విషయం ఇది. ఊరి చివర వృద్ధాశ్రమంలో ఎవరో ఒకావిడ తన తండ్రిని చూడ్డానికి వచ్చి, పక్క బల్ల దగ్గరున్న ముసలావిడ ముద్దొస్తోందని ఫోన్‌లో వీడియో తీసి అందరికీ పంచింది. నలభై సెకన్లు. లక్షమంది చూశారు. అందులో తొంభై నాలుగేళ్ళ ఒజెల్లా ట్రామెల్ ఉంగరంతో బల్ల మీద తట్టి, క్రతువులో మొదటి ప్రశ్న అడుగుతోంది. ఎవరో జవాబు చెబుతున్నారు. చెప్పేవాళ్ళ ముఖం కనబడదు. తెల్లచొక్కా చెయ్యి ఒకటి కనిపిస్తుంది, అంతే.

ఆ ప్రశ్నేమిటో, జవాబేమిటో నేనిక్కడ చెప్పను. దానివల్ల పడాల్సినవాళ్ళు ఇప్పటికే పడ్డారు.

"టీచరుకి మతి లేదండీ. రెండేళ్ళయింది. సొంత కూతురు పోయిన సంగతే గుర్తు లేదావిడకి," అంది వెర్నెల్.

"నాకు తెలీదా? ప్రశ్న ఒక్కటే అయితే పెద్దావిడ ఏదో గొణిగిందని వదిలేసేవాళ్ళం. జవాబు కూడా ఉంది వెర్నెల్. మొత్తం జవాబు. బయటిమనిషికి ఎవరో నేర్పారు. నేర్పినవాళ్ళ పేరు పట్టీలోంచి తీసెయ్యాలి. వయసని, జబ్బని మినహాయింపు లేదు. మంచాన పడ్డ సోరార్ ఒకావిడ పేపరువాడికి అంతా చెప్పేసిందని అరవై రెండులో రాసుకున్నదే కదా."

"అంటే టీచరుకి తెల్లబట్టల వీడ్కోలు ఉండదా?"

"శుక్రవారం విచారణ. నువ్వెళ్ళి చూసి, ఎవరు నేర్పారో కనుక్కో," అని బోస్టిక్ ఫోన్ పెట్టేసింది.

తెల్లబట్టల వీడ్కోలంటే చిన్న సంగతి కాదు. సంఘంలో మనిషి పోతే, చర్చికి తీసుకెళ్ళే ముందు సోరార్లంతా తెల్లబట్టలు కట్టుకుని వచ్చి, బంధువుల్ని కూడా బయటికి పంపి, శవపెట్టె చుట్టూ నిలబడి సాగనంపుతారు. ఒజెల్లా ట్రామెల్ ఊళ్ళో సగంమందికి లెక్కలు చెప్పిన టీచరు. వెర్నెల్‌కి ముందు క్రతువు పెద్ద ఆవిడే. బుద్ధి బాగున్న రోజుల్లో ఓసారి వెర్నెల్ చెయ్యి పట్టుకుని, "నన్ను స్వర్గానికి పంపుతాడో లేదో పాస్టరు ఇష్టం. ఇక్కణ్ణుంచి మాత్రం నువ్వే పంపాలి," అంది. ఆమె ఇంకేదీ ఎవరినీ కోరలేదు.

ఆ సాయంత్రం నాలుగింటికి వెర్నెల్ ఆశ్రమానికి వెళ్ళింది. భోజనాల హాల్లో నలభైమంది ముసలివాళ్ళు. కిచెన్ వైపు గోడ పక్కన పనిచేసే ఆడవాళ్ళు ట్రేలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. మార్చిలో ఆశ్రమంవాళ్ళు యూనిఫాం మార్చారట, ఊదారంగు తీసేసి తెలుపు పెట్టారట. వెర్నెల్ గుమ్మంలోనే ఆగిపోయింది. సాయంత్రం వెలుగు, వరసలో ఆడవాళ్ళు, అందరూ తెల్లబట్టల్లో! టీచరు కళ్ళకి ఇది కొత్తవాళ్ళని చేర్చుకునే క్రతువులా కనిపిస్తుందని ఆమెకి వేరే చెప్పక్కర్లేదు. ఈ సంగతి ఆ హాల్లో ఇంకెవరికీ తట్టే అవకాశమే లేదు.

ఒజెల్లా చక్రాల కుర్చీలో నిటారుగా కూచుంది. వెర్నెల్‌ని చూసింది, పోల్చుకోలేదు. ఉంగరంతో బల్ల మీద మూడుసార్లు తట్టింది. ప్రశ్న అడిగింది.

ఆ గొంతు! నీళ్ళు కావాలని అడగడానికి తడుముకునే నోరు అది. ఇప్పుడు ప్రతి మాటా నల్లబల్ల మీద రాసినట్టు వస్తోంది. ట్రే పట్టుకుని నిలబడ్డ నలభై ఏళ్ళ మనిషి ఒకామె, ట్రే కింద పెట్టి, టీచరు పక్కన మోకాళ్ళ మీద కూచుని జవాబు చెప్పింది. ఒక్క మాట తప్పు లేదు. టీచరు తర్వాతి మాట అంది. ఆమె తర్వాతిది అంది. పుడ్డింగు కోసం రోజూ పోట్లాడే గాస్కిన్ అనే తెల్లాయన చెంచా కింద పెట్టి, టోపీ తీశాడు. టీవీ ఎవరో ఆపేశారు. పదకొండు నిమిషాలపాటు ఆ హాల్లో వాళ్ళిద్దరి గొంతులు తప్ప ఏమీ వినబడలేదు. చివర్లో ఒజెల్లా ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, చెంచా అందుకుని, ఉడికించిన కేరట్లు తినడం మొదలుపెట్టింది.

వెర్నెల్ ముందు తనకి వచ్చింది కోపమనుకుంది. కోపమే అయితే కళ్ళలో నీళ్ళెందుకొచ్చాయో ఆమెకి అర్థం కాలేదు.

ఆ మనిషిని నడవలోకి పిలిచింది. పేరు టమీరా. పదో క్లాసులో చదువు మానేసి, పద్ధెనిమిదేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది.

"నువ్వేం అంటున్నావో నీకు తెలుసా?"

"తెలీదమ్మా. కానీ అంటే తింటుంది."

"ఎవరు నేర్పారు నీకు?"

"ఆవిడే." టమీరా చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంది. "మీరు మిస్ వెర్నెల్ కదా? మా అమ్మాయి మీ లైబ్రరీలో ఓసారి చిప్స్ తిని దొరికిపోయింది. ఇప్పటికీ చిప్స్ పేకెట్ మెల్లగా తెరుస్తుంది. చూడండమ్మా, మార్చిలో తొమ్మిది రోజులు ముద్ద ముట్టలేదీవిడ. తడుతుంది, అడుగుతుంది, ఎవరూ పలక్కపోతే నోరు బిగించేస్తుంది. డాక్టరు ట్యూబు వెయ్యాలన్నాడు. పదో రోజు నేనే పక్కన కూచుని, 'నాకు తెలీదు టీచర్' అన్నా. నిజమే కదా, నాకు తెలీదు. అప్పుడు నేర్పింది."

"అలా నేర్పడమనేది లేదు. జవాబు తెలియనివాళ్ళని వెనక్కి పంపేస్తాం. అదే పద్ధతి."

టమీరా ఆమెని జాలిగా చూసింది. "మరి ఆవిడ నన్ను పంపలేదే!"

వెర్నెల్ ఆ రాత్రంతా కోపంగానే ఉంది. ఈ మనిషి ఏదో కల్పించి చెబుతోంది. క్రతువులో అలాంటి చోటే లేదు. తన ఇరవై రెండో ఏట టీచరు వంటింట్లో చిక్కుడు గింజలు ఒలుస్తూ నోటికి నేర్చుకున్న మాటలవి. ఒక్క మాట తప్పితే టీచరు గింజ తీసి నుదుటి మీదికి విసిరేది. ఆ మాటల్లో ఎక్కడా 'తెలీదు' అనేవాళ్ళకి చోటు లేదు. అయినా మంగళవారం నాలుగింటికి మళ్ళీ వెళ్ళింది. టమీరాని పక్కకి జరగమని తనే టీచరు పక్కన కూచుంది.

టీచరు తట్టింది. అడిగింది.

వెర్నెల్ గొంతులో జవాబు సిద్ధంగా ఉంది. నలభై ఒక్క ఏళ్ళుగా ఉంది. దాన్ని మింగి, "నాకు తెలీదు టీచర్," అంది.

ఒజెల్లా ట్రామెల్ కుర్చీలోంచి ముందుకి వంగింది. వెర్నెల్ రెండు చెవుల మీదా చేతులు పెట్టి, ముఖాన్ని తన ముఖం దగ్గరికి లాక్కుంది. "తెలియనిదాన్ని తలుపు బయట నిలబెట్టడానికి కాదు మనం తలుపు పెట్టుకుంది," అంది. "నాతో పాటు అను."

ఈ మాట ఇప్పటి క్రతువు పుస్తకంలో లేదు కాబట్టి చెప్పినా నాకు దోషం లేదు. అరవై రెండులో, ఆ పేపరువాడి గొడవ తర్వాత, కొత్త పుస్తకం వచ్చినప్పుడు పాతవన్నీ కాల్చేశారు. ఒజెల్లా సంఘంలో చేరింది యాభై ఒకటిలో. కొత్త పుస్తకం వచ్చాక ఆవిడ బుద్ధిగా కొత్తదే చెప్పింది, కొత్తదే నేర్పింది, పాతదాన్ని ఎవరి దగ్గరా ఎత్తలేదు. బుద్ధి జారిపోయాక, ఇన్నేళ్ళూ అణిచిపెట్టిన పాతది పైకి వచ్చింది.

ఒక్కో మాటా చెప్పించింది. వెర్నెల్‌కి తెలిసిన ప్రతి మాటకీ ముందొకటి, వెనకొకటి ఉన్నాయి. తనకి వచ్చిందనుకున్నది సగమే. సంఘాన్ని మొదలుపెట్టిన తొమ్మిదిమంది ఆడవాళ్ళ పేర్లున్నాయి అందులో. బట్టలుతికి కూతుళ్ళని చదివించిన వాళ్ళ తల్లుల పేర్లున్నాయి. చదువు లేని ఆ తల్లులే మొదటి తలుపు దగ్గర నిలబడ్డారని ఉంది. వాళ్ళకి జవాబు రాకపోతే కూతుళ్ళే నేర్పి లోపలికి తెచ్చుకున్నారని ఉంది. ఇంత పెద్దదా ఇది! ఇంతమంది ఉన్నారా ఇందులో! వెర్నెల్ నోరు టీచరు వెంట నడుస్తోంది. చుట్టూ నలభైమంది ఉన్నారనీ, గాస్కిన్ టోపీ తీశాడనీ ఆమెకి గుర్తే లేదు. చివర్లో టీచరు నెత్తిన చెయ్యి పెట్టినప్పుడు వెర్నెల్ ఏడ్చేసింది. అరవై మూడేళ్ళ మనిషి, చిన్నపిల్ల ఏడ్చినట్టు పైకే ఏడ్చింది.

"ఊరుకో, బాగానే చెప్పావు," అంది ఒజెల్లా. తర్వాత కేరట్లు తినసాగింది.

శుక్రవారం వెర్నెల్ వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని విచారణకి కూచుంది. తెర మీద బోస్టిక్, ఇంకో ఇద్దరు పెద్దావిడలు. వెర్నెల్ చూసినదంతా చెప్పింది, క్రతువు మాటలు తప్ప.

"పాత పుస్తకాలన్నీ కాల్చేశాం కదా," అంది ఒకావిడ.

"ఒకటి మిగిలిందండీ. ఆశ్రమంలో పన్నెండో నంబరు గదిలో ఉంది. రోజూ సాయంత్రం నాలుగింటికి తెరుచుకుంటుంది."

ఆ పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. బోస్టిక్ మాత్రం కాగితాల మీంచి తల ఎత్తలేదు. "అది రద్దయిన క్రతువు వెర్నెల్. రద్దయినదాని ప్రకారం నేర్పినా నేర్పినట్టే. నాకూ ఇష్టం లేదు. కానీ ఈవిడని వదిలేస్తే రేపు ఇంకెవరిని పట్టుకుంటాం? సోరార్ ఒజెల్లా ట్రామెల్ బయటి మనిషికి..."

"టీచరు నేర్పలేదు," అంది వెర్నెల్. "టమీరాకి జవాబు నేర్పింది నేను."

సంఘానికి ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది. నోరు తొట్రుపడలేదు.

బోస్టిక్ తల ఎత్తింది. "ఎప్పుడు నేర్పావు?"

"మార్చిలో."

"మార్చిలో నీకు మోకాలి ఆపరేషన్ అయింది. మంచం దిగలేదు. నేను పీచ్ పళ్ళ కేకు చేయించి పంపాను."

"కేకు బాగుందండీ. ఫోన్‌లో నేర్పా."

"వెర్నెల్, ఇది ఒకసారి రాస్తే మళ్ళీ చెరిపేది కాదు. నీ పేరు తీసేస్తే నీకు సంఘం పిన్ను ఉండదు, మీటింగు ఉండదు. దారిలో కనబడినా నీతో ఎవరూ మాట్లాడకూడదు. రేపు నువ్వు పోతే తెల్లబట్టల్లో ఒక్కరూ రారు. నిజం చెప్పు. ఎవరు నేర్పారు?"

"నేనే."

"మళ్ళీ అడుగుతున్నా."

"వంద సార్లు అడగండి. క్రతువులో ఒక్క మాట తప్పు పలకనిదాన్ని, ఇదొక్కటీ తప్పు చెబుతానా?"

బోస్టిక్ చాలాసేపు ఆమె ముఖం చూసింది. అది అబద్ధమని ఆవిడకి తెలుసు. తెర మీద మిగతా ఇద్దరికీ తెలుసు. తర్వాత బోస్టిక్ కలం తీసి, నేర్పింది వెర్నెల్ అని నెమ్మదిగా రాసింది. ఆశ్రమంవాళ్ళు వీడియోని నెట్‌లోంచి తీయించేశారు గానీ, కాగితం మీద రాసింది మాత్రం అలాగే ఉండిపోయింది.

వెర్నెల్ పిన్ను పోస్టులో పంపేసింది. ఫోన్ మోగడం మానేసింది. కొట్లో సోరార్లు ఎదురైతే పప్పు డబ్బాల మీద రాసింది చదువుకుంటూ నిలబడిపోయేవారు. చర్చిలో నలభై ఏళ్ళుగా తన పక్కన కూచునే ఆవిడ బల్ల మారింది. రాత్రి అన్నం తింటూ ఒక్కోసారి ఎవరితోనైనా గట్టిగా పోట్లాడాలనిపించేది, పోట్లాడ్డానికి కూడా ఎవరూ లేరు. తను చేసినదానికి ఆమె ఒక్క రోజూ పశ్చాత్తాపపడలేదు. ఒంటరితనం మాత్రం అనుకున్నదానికంటే చాలా పెద్దగా ఉంది. రోజూ నాలుగింటికి ఆశ్రమానికి వెళ్ళేది. టమీరా ఒక పక్క, తనొక పక్క కూచుని టీచరుతో చెప్పేవాళ్ళు. టీచరు ఇద్దరి నెత్తినా చెయ్యి పెట్టి, తినేది.

నవంబరు మూడో వారంలో ఒజెల్లా ట్రామెల్ నిద్రలోనే పోయింది.

శనివారం పదకొండు గంటలకి, టీచరుని ఉంచిన అంత్యక్రియల భవనానికి సోరార్లు వచ్చారు. ముప్పైమంది, తెల్లబట్టలు, తెల్ల చేతితొడుగులు, తెల్ల బూట్లు. బోస్టిక్ అట్లాంటా నుంచి కారు నడుపుకుని వచ్చింది. వెర్నెల్ తయారుచేసిన జోస్లిన్ అనే ముప్పై ఏళ్ళ అమ్మాయి ఇప్పుడు క్రతువు పెద్ద. వాళ్ళంతా లోపలికెళ్ళి తలుపులు మూసుకున్నారు. నీలం గౌనులో వెర్నెల్, అక్క గౌను అడిగి తెచ్చుకున్న టమీరా, టీచరు మేనల్లుడు నడవలో మిగిలారు.

మాటలు వినబడవు. తలుపు మందం. ముప్పై గొంతులు కలిసిన మోత మాత్రం గోడల్లోంచి వచ్చి కాళ్ళ కింద నేలలో తెలిసింది. వెర్నెల్ దాన్ని ఈ వైపు నుంచి ఎన్నడూ వినలేదు. ఇంతకాలం బయట నిలబడ్డవాళ్ళంతా విన్నది ఇదా! మాటలు తెలియకపోయినా మనిషి తనంతట తను చేతులు కట్టుకుని నిలబడేలా ఉంది. మేనల్లుడు నిజంగానే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపల ఒక్క మాటా తప్పలేదని ఆమెకి లయలోనే తెలిసిపోయింది. జోస్లిన్ బాగా చెప్పింది. టీచరుని పంపారు. అది చాలు.

తలుపులు తెరుచుకున్నాయి. ముందు పెట్టె వచ్చింది. దాని వెనక జతలు జతలుగా సోరార్లు. పెట్టె వెనక మొదటి జతకి ఒక లెక్క ఉంది. కుడివైపు క్రతువు పెద్ద, ఎడమవైపు పోయినావిడకి చివరి రోజుల్లో అన్నం తినిపించిన మనిషి. వాళ్ళు అడుగేస్తేనే పెట్టె కదలాలి.

మొదటి జత లేదు. పెట్టె వెనక ఇద్దరు పట్టేంత నేల ఖాళీగా ఉంది. దాని వెనక రెండో జతగా జోస్లిన్, బోస్టిక్ నిలబడ్డారు. ఎవరూ వెర్నెల్ వైపు చూడలేదు. ఎవరూ పేరు ఎత్తలేదు. తీసేసినదాన్ని పలకరించకూడదని ఉంది, కలిసి తినకూడదని ఉంది. చోటు ఖాళీగా ఉంచకూడదని మాత్రం ఏ పుస్తకంలోనూ రాయలేదు.

పెట్టె నడిపే ఆయనకి ఏం పాలుపోలేదు. "అమ్మా, కాస్త ముందుకి జరగండి. చర్చిలో టైమవుతోంది."

"మేం సరిగ్గానే నిలబడ్డాం," అంది బోస్టిక్, ఎదుటి గోడని చూస్తూ. "మీరు ఆగండి."

ఆయన ఆగాడు. ముప్పైమందీ ఆగారు. జోస్లిన్ చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. చేతితొడుగులున్న చేతులు కదలడం లేదు. వెర్నెల్ టమీరా చెయ్యి పట్టుకుంది.

"నేనా?" టమీరా వెనక్కి గుంజుకుంది. "నేను కాలేజీ మొహం చూడలేదు మిస్ వెర్నెల్. పదో క్లాసే పూర్తి చెయ్యలేదు."

"నిన్ను లెక్కల టీచరు పాస్ చేసింది. నడు."

ఇద్దరూ వెళ్ళి ఆ ఖాళీలో నిలబడ్డారు. కుడివైపు వెర్నెల్, ఎడమవైపు టమీరా. వెర్నెల్ అడుగేసింది, పెట్టె కదిలింది, వెనక ముప్పైమందీ ఒక్కసారే కదిలారు.